చక్రాల మీంచి ఐస్ మీదికి: మా అమ్మాయి మొదటి ఏడాది

మా అమ్మాయికి పదమూడేళ్లు. ఏడో ఏట నుంచి నాలుగు చక్రాల స్కేట్ల మీద ఆర్టిస్టిక్ స్కేటింగ్ (సంగీతానికి తగ్గట్టు జంప్‌లు, స్పిన్‌లు చేసే స్కేటింగ్) చేస్తోంది. 2025 ఏప్రిల్ చివర్లో మొదటిసారి ఐస్ మీద అడుగు పెట్టి, డిసెంబరు మూడో వారంలో ఐస్ మీద దాని రూపమైన ఫిగర్ స్కేటింగ్‌లో తన మొదటి పోటీ ఆడింది. మేం తిరిగి వచ్చిన దగ్గర నుంచి భీమవరంలోనూ, తణుకు, కాకినాడల్లోనూ పిల్లలకు స్కేటింగ్ నేర్పిస్తున్న తల్లిదండ్రులు ఫోన్ చేసి ముందుగా "మొత్తం ఎంతయిందండీ?" అని అడుగుతున్నారు. ఆ అంకెలూ చెబుతాను. అయితే ఈ ఎనిమిది నెలల్లో మాకు డబ్బు కంటే ఎక్కువ కరువైనది పిల్లకు ఐస్ మీద దొరికే సమయం. మేం తీసుకున్న ప్రతి నిర్ణయమూ, ఇంట్లో జరిగిన ప్రతి వాదనా తిరిగి తిరిగి దాని దగ్గరికే వచ్చాయి. ఏ నెలలో ఏం జరిగిందో, ఎక్కడ ఎంతకాలం ఎదురు చూడాల్సి వచ్చిందో ఆ వరుసలోనే రాస్తున్నాను.

మన వైపు స్కేటింగ్ నేర్పడమంటే చాలావరకు స్పీడ్ స్కేటింగ్ నేర్పడమే. బడి ఆవరణలోని బాస్కెట్‌బాల్ కోర్టులో తెల్లవారుజామున అయిదున్నరకు మొదలై, ఎండ ఎక్కకముందే తరగతి ముగుస్తుంది. మా అమ్మాయికి ముందున్నవాళ్లను దాటిపోవాలన్న తపన అంతగా ఉండేది కాదు. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఒంటికాలి మీద ఒరిగి, అలాగే ఎంత దూరం పోగలనో చూసుకునేది. అక్కడి మాస్టారు అది గమనించి, "ఈ పాప ఎడ్జ్ మీద నిలబడుతోందమ్మా, స్పీడులో పెట్టి పాడు చేయకండి, విశాఖ తీసుకెళ్లండి" అన్నారు. ఎడ్జ్ అంటే పాదం ఒక పక్క అంచు మీద ఒరిగి సాగడం. అప్పటి నుంచి నెలలో సగం శని, ఆదివారాలు విశాఖ రైళ్లలోనే గడిచాయి. అక్కడ జంప్‌ల కంటే ముందు నేల మీద గీసిన వృత్తాల మీద నడిపించారు. పెద్ద వృత్తం వ్యాసం 6 మీటర్లు, లూప్ అనే చిన్న వృత్తానిది 2.4 మీటర్లు. ఒకే కాలి మీద, ఒకే ఎడ్జ్ మీద, గీత తప్పకుండా చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే రావాలి. ఐస్ మీద అంతర్జాతీయ పోటీల్లో ఫిగర్లు అనే ఈ వృత్తాలను 1990 తర్వాత తీసేశారు. చక్రాల మీద ఇప్పటికీ ఉన్నాయి. ఆ వృత్తాల విలువ మాకు ఐస్ మీదికి వెళ్లాక గాని తెలియలేదు. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్య పతకాలు గెలిచింది ఈ చక్రాల మీదేనని విశాఖలో ఆ తరగతికి వచ్చే పిల్లలందరికీ తెలుసు. మా అమ్మాయి లెక్కల పుస్తకం అట్ట లోపల ఆయన ఫోటో అతికించుకుంది.

ఐస్ మీదికి వెళతానన్న మాట తనదే. "ఆర్టిస్టిక్ రోలర్ ఒలింపిక్స్‌లో లేదు కదమ్మా, ఒక్కసారి ఐస్ మీద చేసి చూస్తాను" అని ఏడాది పాటు అడిగింది. మా వారికి రొయ్యల లారీలకు ఐసు సరఫరా చేసే ఫ్యాక్టరీలో వాటా ఉంది. అమ్మోనియా కంప్రెసర్లు, ఉప్పునీటి తొట్లు, దిమ్మెలు తీసే డబ్బాలు ఆయనకు చిన్నప్పటి నుంచి తెలిసినవే. ఇంత ఐసు తయారయ్యే ఊళ్లో పిల్ల నిలబడడానికి గజం ఐసు లేకపోవడం ఆయనను లోలోపల బాధించింది. ఖర్చు గురించి నేను వెనకాడుతున్నప్పుడు, "ఒక వేసవి చూద్దాం, పిల్ల మనసులో ఆశ మిగిలిపోకూడదు" అని ఒప్పించింది ఆయనే.

2025 ఫిబ్రవరిలో గురుగ్రామ్‌లో నేర్పే ఒక కోచ్‌కు పాప వీడియోలు పంపాము. జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. "చక్రాల మీద బాగుంది, ఐస్ మీద చూసి చెబుతాను, కనీసం ఆరు వారాలు ఉండేట్టయితేనే రండి" అన్నది దాని సారాంశం. బడికి వేసవి సెలవులు ఇచ్చిన మర్నాడే విజయవాడ వెళ్లి ఢిల్లీ రైలెక్కాము. రింక్ ఒక మాల్‌లో ఉంది. సమీపంలో ఒక గది అద్దెకు తీసుకుని, అదే శిక్షణకు వచ్చిన హైదరాబాద్ కుటుంబంతో కలిసి వండుకున్నాము. బియ్యం, కందిపొడి, ఆవకాయ వెంట తీసుకెళ్లడం వల్ల పిల్ల తిండి విషయంలో పెద్ద ఇబ్బంది పడలేదు.

అక్కడ మొదట తెలుసుకోవలసినది సమయాల లెక్క. మామూలు టికెట్‌తో అందరూ వచ్చే సెషన్ వేరు, శిక్షణ పొందే పిల్లలకు మాత్రమే ఇచ్చే సెషన్ వేరు. అందరూ వచ్చే సెషన్‌లో, ముఖ్యంగా శని, ఆదివారాల్లో, గోడ పట్టుకుని నడిచే చిన్నపిల్లల మధ్య జంప్ చేయడం ప్రమాదం. ఆ గంటకు కట్టిన డబ్బు దాదాపు వృథాయే. పనికొచ్చేది మాల్ తెరవకముందు, తెల్లవారుజామున ఉండే సెషన్. దానికి మాల్ ముందు ద్వారం మూసి ఉంటుంది. వెనక సరుకులు దించే వైపు నుంచి, కాపలా మనిషి దగ్గర పేరు రాసి వెళ్లాలి. ఇక గంట అంటే నిండు గంట దొరకదు. మధ్యలో ఐస్‌ను చదును చేసే యంత్రం వస్తుంది. అది గీతలు పడిన పై పొరను చెక్కేసి, వేడినీళ్లు పరిచి వెళుతుంది. ఆ నీళ్లు గడ్డకట్టేదాకా ఎవరూ దిగకూడదు. రెండో వారంలో మమ్మల్ని చూడడానికి వచ్చిన మా వారు ఆ యంత్రం నడిపే అబ్బాయితో మాట్లాడి, నేల కింద గొట్టాల్లో చల్లని ద్రవం ఎలా తిరుగుతుందో అడిగి తెలుసుకున్నారు. వేడినీళ్లు ఎందుకో నాకు ఆయనే చెప్పారు: వేడినీళ్లలో గాలి తక్కువ, పైగా అవి పాత గీతల అంచులను కరిగించి వాటితో అతుక్కుంటాయి, అందుకని గట్టిగా, నున్నగా గడ్డకడుతుంది. మా ఫ్యాక్టరీలో దిమ్మె అద్దంలా రావాలని డబ్బా నీళ్లలోకి గాలి ఊదుతూ కదిలిస్తారు. పని ఒకటే, పద్ధతులు వేరు అని ఆయన సంబరపడ్డారు. ఏది ఏమైనా మేం లెక్క వేసుకోవలసింది గంటకు ముప్పావు గంటేనని ఆ రోజు అర్థమైంది.

మొదటి రోజు మా అమ్మాయి పడినన్ని సార్లు ఆరేళ్లలో చక్రాల మీద పడలేదు. చక్రాల స్కేటుకు ముందు భాగంలో రబ్బరు ముక్క ఉంటుంది. ఐస్ బ్లేడుకు అదే చోట పళ్లున్న టో పిక్ ఉంటుంది. రబ్బరు ముక్క నేలకు తగలాలంటే పాదం బాగా వంగాలి, టో పిక్ మాత్రం కొంచెం వంగితే చాలు పట్టేస్తుంది. ముందుకు తోసుకునే అలవాటులో కాలివేళ్ల మీద బరువు వేసేసరికి పళ్లు ఐసులో దిగి, పిల్ల చేతుల మీద పడేది. చేతి తొడుగులు తడిసిపోయేవి. రింక్ లోపల చలి, బయట నలభై దాటిన ఎండ. మొదటి వారంలో రెండుసార్లు ముక్కు నుంచి రక్తం వచ్చింది. బయటికి వచ్చేముందు పావుగంట మాల్ వరండాలో కూర్చోబెట్టి, ముక్కుపుటాలకు లోపల కొబ్బరినూనె రాయడం మొదలుపెట్టాక తగ్గింది. ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పలేదు, కనుక వేసవిలో వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి.

రెండో వారం మధ్యలో ఒక ఉదయం కోచ్ మేడమ్ పిల్లను మధ్యకు పిలిచి, కుడికాలి అవుట్‌సైడ్ ఎడ్జ్ మీద వృత్తం వేయమన్నారు. బ్లేడు అడుగు భాగం పొడవునా గాడిలా తొలిచి ఉంటుంది. ఆ గాడికి అటూ ఇటూ ఉన్న అంచులే రెండు ఎడ్జ్‌లు: పాదం బయటి వైపుది అవుట్‌సైడ్, లోపలి వైపుది ఇన్‌సైడ్. మా అమ్మాయి ఒరిగింది, ఎడమ కాలు వెనక్కి చాచింది, తల ఎత్తకుండా తన గీతనే చూసుకుంటూ చుట్టూ తిరిగి వచ్చింది. అప్పుడే చదును చేసిన ఐసు మీద సన్నని తెల్లటి గీత ఒక్కటే పడింది. అదే వృత్తం మీద మళ్లీ వెళ్లమన్నారు. రెండో గీత మొదటి గీత మీద ఎక్కడ కలిసిందో, ఎక్కడ వేలెడు దూరం జరిగిందో మేడమ్ వంగి చూసి, పిల్లకు కూడా చూపించారు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "దీనికి మామూలుగా ఏడాది పడుతుంది, ఈమె దగ్గర ముందే ఉంది" అన్నారు. ఆ మాటతో విశాఖ రైళ్లలో గడిచిన రాత్రులన్నిటికీ జవాబు దొరికినట్టయింది. నేను అక్కడే కూర్చుని కన్నీళ్లు తుడుచుకున్నాను.

అద్దె బూట్లతో ఎక్కువ దూరం వెళ్లలేము. వాటి చీలమండ మెత్తగా ఉంటుంది, బ్లేడు మొద్దుబారి ఉంటుంది. మే రెండో వారంలో పాదం కొలతలు మిల్లీమీటర్లలో తీసి బూట్లకు, బ్లేడ్లకు వేర్వేరుగా ఆర్డరు ఇచ్చాము. ఎదిగే పిల్ల కదా, ఒక సైజు పెద్దవి తీసుకుందామని ఏ తల్లికైనా అనిపిస్తుంది. మేడమ్ గట్టిగా వద్దన్నారు: లోపల పాదం కదిలితే బొబ్బలు రావడమే కాక, దిగేటప్పుడు మడమ తిరుగుతుంది. బూట్లు విదేశం నుంచి వచ్చి మా చేతికి అందేసరికి ఏడు వారాలు పట్టింది; అప్పటికి శిబిరం అయిపోయి మేం భీమవరం వచ్చేశాము. బూట్లు, బ్లేడ్లు, సుంకంతో కలిపి అరవై రెండు వేలు అయ్యాయి. బూట్లను ఓవెన్‌లో నిర్ణీత వేడికి వేడిచేసి, పాదానికి తొడిగి, చల్లారేదాకా కూర్చోబెట్టి ఆకారానికి తేవాలి. బ్లేడు బిగించేవాళ్లు, సానపట్టేవాళ్లు మన వైపు లేరు. ఆ గాడిని అదే వంపుతో మళ్లీ తొలవాలి కనుక కత్తులకు సానపట్టే మనిషికి ఇస్తే బ్లేడు పాడవుతుంది. అందుకని బ్లేడు బిగించి సానపట్టించడానికి మా వారు ఒక్కరే బూట్ల పెట్టె పట్టుకుని మళ్లీ వెళ్లి వచ్చారు.

మన వాతావరణం గురించి ఒక మాట. జూలైలో వానలు పట్టాక, ఇంట్లో బీరువాలో పెట్టిన బ్లేడ్ల అంచున పది రోజుల్లో తుప్పు చుక్కలు కనిపించాయి. నడిచేటప్పుడు వేసే ప్లాస్టిక్ గార్డులు వేసి ఉంచితే లోపల తడి ఆరదు. వాటిని తీసి, బ్లేడు పొడిగుడ్డతో తుడిచి, మిషను నూనె పలచగా రాసి, గుడ్డ తొడుగు వేసి, దాన్ని కూడా వారానికోసారి ఎండలో వేయడం మా వారు తన పనిగా పెట్టుకున్నారు. ఆ తర్వాత తుప్పు రాలేదు.

ఐస్ లేని నెలల్లో ఏం చేశామన్నది చాలామంది అడిగే ప్రశ్న. మా అనుభవంలో ఏడాదిలో ఎక్కువ భాగం ఇదే, పిల్ల నిలబడేదీ జారిపోయేదీ ఇక్కడే. ఉదయం కోర్టులో చక్రాల మీద ఎడ్జ్‌లు, మలుపులు. సాయంత్రం మేడ మీద పరుపు వేసి బూట్లు లేకుండా జంప్‌లు, అంటే గాలిలో చేతులు దగ్గరికి తెచ్చి తిరగడం. వారానికి రెండు రోజులు కూచిపూడి. ప్రోగ్రామ్, అంటే పోటీలో చేసే ప్రదర్శన, సంగీతం కోసం మా అమ్మాయి నాట్యం టీచరు గారే ఒక తిల్లానాను వయొలిన్ మీద వాయించి రికార్డు చేయించారు. దాన్ని మా ఊరి స్టూడియోలో రెండున్నర నిమిషాలకు కత్తిరించడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది, ఎందుకంటే జంప్ దిగిన క్షణానికి మృదంగం దెబ్బ కలవాలని పిల్ల పట్టుబట్టింది. ప్రతి ఆదివారం మేడమ్‌కు వీడియో పంపేవాళ్లం. బుధవారానికి జవాబు వచ్చేది.

ఈలోగా పోటీ కోసం కాగితాలు సిద్ధం చేయడం మొదలైంది. ఈ ఆటలో వయసు విభాగాన్ని పోటీకి ముందు వచ్చే జూలై 1 నాటికి నిండిన వయసును బట్టి లెక్కిస్తారు. మా అమ్మాయి జూన్ 27న పుట్టింది. నాలుగు రోజుల తేడాతో పై విభాగంలోకి వెళ్లింది. అంటే కొత్తగా ఐస్ మీదికి వచ్చిన పిల్ల, తనకంటే ఏళ్ల తరబడి ముందున్నవాళ్లతో ఆడాలి. దాన్ని మార్చే దారి లేదు. రెండోది, జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. మన దగ్గర ఇది ఇంటింటా ఉన్నదే, కానీ ఉత్తరాదిలో నమోదు చూసేవాళ్లకు అవి ఇద్దరు వేర్వేరు పిల్లల పేర్లలా కనిపిస్తాయి. ఆధార్ సరిచేయించి, కొత్తది వచ్చి, బడి నుంచి అదే పేరుతో ధ్రువపత్రం తీసుకునేసరికి అయిదు వారాలు గడిచాయి. పోటీ ఆలోచన ఉన్నవాళ్లు బూట్ల కంటే ముందు ఈ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూసుకోండి.

సెప్టెంబరు మొదటి వారంలో మా అమ్మాయి మెట్లు దిగుతూ గోడ పట్టుకోవడం చూశాను. అడిగితే ఏమీ లేదంది. రెండు రోజుల తర్వాత కుడి మోకాలి చిప్పకు కింద చిన్న గడ్డలా ఉబ్బింది. వేలు పెడితే అరిచింది. కుడికాలే తను జంప్ దిగే కాలు. కాకినాడలో ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే తీసి, ఓస్గుడ్ ష్లాటర్ అని పేరు చెప్పారు. ఎదిగే వయసులో తొడ ముందు కండరం నుంచి వచ్చే స్నాయువు మోకాలి కింద ఎముకకు అతుక్కునే చోట, ఆ ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడకముందే పదే పదే గుంజడం వల్ల వస్తుందట. పరుగెత్తే, ఎగిరే పిల్లల్లో ఇది మామూలేనని, ఎదుగుదల ఆగాక సాధారణంగా దానంతట అదే పోతుందని ధైర్యం చెప్పారు. ఆపరేషను అవసరం లేదు. ఆరు వారాలు ఎగరకూడదు. ఆ తర్వాత కూడా నొప్పి చెప్పినంత వరకే. మా అమ్మాయి నాలుగు నెలల్లో అయిదు సెంటీమీటర్లు పెరిగిందని ఆ గదిలో గోడకున్న కొలబద్ద చెప్పింది.

తిరుగు ప్రయాణంలో బస్సు రావులపాలెం దాటేదాకా ఎవరమూ మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక మా అత్తగారు, "ఆడపిల్ల మోకాలు పాడైతే రేపు ఎవరు చూస్తారే, ఇక చాలించండి" అన్నారు. ఆవిడ మనవరాలి మీద ప్రేమతోనే అన్నారు, అయినా ఆ రాత్రి పిల్ల అన్నం తినలేదు. "నాయనమ్మా, నాకు తగ్గిపోతుందని డాక్టరు గారు చెప్పారు" అని ఒక్క మాట అని మేడ మీదికి వెళ్లి పరుపు మడిచి పెట్టేసింది. అంతకంటే నన్ను కలచివేసింది తర్వాతి నాలుగు వారాలు. తను ఏడవలేదు, అడగలేదు. కోర్టుకు వెళ్లి గట్టు మీద కూర్చుని చిన్నపిల్లల స్కేట్ల లేసులు కట్టేది. తొడ కండరం సాగదీసే వ్యాయామాలు మాత్రం గడియారం పెట్టుకుని చేసేది. మోకాలికి ఐసు పెట్టాలని డాక్టరు గారు చెప్పినప్పటి నుంచి మా వారు రోజూ ఫ్యాక్టరీ నుంచి శుభ్రమైన ఐసు సంచిలో కట్టి తెచ్చి, సాయంత్రం తనే పక్కన కూర్చుని పెట్టేవారు. తండ్రీ కూతుళ్లు ఆ పావుగంటలో ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. అక్టోబరు చివర్లో మళ్లీ చూపించాము. నొప్పి చాలావరకు తగ్గింది, రోజుకు ఇన్ని జంప్‌లు అని లెక్క పెట్టి మొదలుపెట్టమన్నారు. ఈ నొప్పి వచ్చే పిల్లలున్న తల్లిదండ్రులకు ఒకటే చెబుతాను: పోటీ తేదీ చూసి డాక్టరును తొందరపెట్టకండి. మా మేడమ్ కూడా ఫోనులో, "పోటీలు ఏటా వస్తాయి, మోకాలు రెండే" అన్నారు.

నవంబరు రెండో వారంలో మళ్లీ గురుగ్రామ్ వెళ్లాము. బడిలో హాజరు తగ్గుతుందని ప్రధానోపాధ్యాయులకు ముందే లేఖ ఇచ్చి, పాఠాలు స్నేహితురాళ్ల ద్వారా ఫోనులో తెప్పించుకున్నాము. ఐస్ మీద దిగగానే తెలిసింది, వేసవిలో కుదిరిన డబుల్ సాల్కో (గాలిలో రెండు చుట్లు తిరిగే జంప్) పోయింది. పొడవు పెరిగిన శరీరం గాలిలో పాత సమయానికి తిరగడం లేదు. కాళ్లు ఎక్కువ దూరంలో ఉంటున్నాయి, దిగేసరికి సగం చుట్టు మిగిలిపోతోంది. ఇది పెరిగే ప్రతి అమ్మాయికీ జరుగుతుందని, శరీరం కొత్త కొలతలు నేర్చుకునేదాకా ఆగాలని మేడమ్ చెప్పినా, రోజుకు ముప్పావు గంట చొప్పున కొనుక్కునే మాకు ఆగడం అన్నిటికంటే ఖరీదైనది. రోజూ ఐస్ మీద ఉండే పిల్లలు ఇదే మార్పును అదే నెలలో సర్దుకుంటారు.

పోటీకి దుస్తులు మా ఊరి దర్జీ గారే కుట్టారు. సాగే గుడ్డ సూరత్ నుంచి తెప్పించాము. రాళ్లను అతికించకుండా ఒక్కొక్కటీ దారంతో కుట్టించాము, ఎందుకంటే దుస్తుల మీంచి ఏదైనా ఊడి ఐస్ మీద పడితే పాయింట్లు తగ్గిస్తారు. డిసెంబరులో ఉత్తరాదిలో పొగమంచుకు రైళ్లు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి కనుక పోటీ ఊరికి రెండు రోజుల ముందే చేరుకున్నాము.

అక్కడి రింక్ 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పుతో పూర్తి పరిమాణంలో ఉంది. మేం సాధన చేసింది అంతకంటే చిన్నదానిలో. ముందురోజు సాధనలో పిల్ల తన లెక్క ప్రకారం మలుపు తీసుకుని జంప్‌కు సిద్ధమయ్యేసరికి గోడ ఇంకా చాలా దూరంలో ఉంది. సంగీతం మాత్రం ఆగదు. ఆ రాత్రి గదిలో కాగితం మీద రింక్ గీసి, ఎక్కడ కాలితో రెండు తోపులు ఎక్కువ వేయాలో మేడమ్, తనూ కలిసి గుర్తులు పెట్టుకున్నారు.

పోటీ రోజు పేరు పిలిచేటప్పుడు మా ఇంటిపేరు పలకడానికి ప్రకటించే ఆయన తడబడ్డారు. మా అమ్మాయి మధ్యకు వెళ్లి కూచిపూడి భంగిమలో నిలబడింది. వయొలిన్ మొదలైంది. మొదటి సింగిల్ ఆక్సెల్ (ఒకటిన్నర చుట్ల జంప్) శుభ్రంగా దిగింది. తిల్లానాలో మృదంగం దెబ్బ సరిగ్గా ఆ దిగడం మీదే పడింది. డబుల్ సాల్కో దగ్గర పడింది. లేచింది, రెండు తోపుల్లో సంగీతాన్ని అందుకుంది. కూర్చున్నట్టు వంగి చేసే సిట్ స్పిన్ నెమ్మదిగా తిరిగింది. చివరి జంప్ అయిన లట్జ్ చూడడానికి నాకు బాగానే కనిపించింది. రెండున్నర నిమిషాలు నేను ఊపిరి తీసుకున్నానో లేదో గుర్తులేదు.

తర్వాత ఇచ్చే వివరాల పత్రం చదవడం నేర్చుకోవాలి, అది చదవకపోతే ఎందుకు వెనకబడ్డామో అర్థం కాదు. ప్రతి ఎలిమెంట్‌కు, అంటే ప్రతి జంప్‌కూ స్పిన్‌కూ, ఒక మూల విలువ ఉంటుంది. దాని మీద జడ్జీలు −5 నుంచి +5 వరకు ఇస్తారు. డబుల్ సాల్కో మూల విలువ 1.30. గాలిలో తిరగాల్సిన దానిలో సగం చుట్టో అంతకంటే ఎక్కువో తక్కువైతే దాన్ని సింగిల్‌గా లెక్కిస్తారు. మా అమ్మాయిది అలాగే 0.40 అయింది, పడినందుకు తగ్గింపు వేరు. లట్జ్ పక్కన చిన్న గుర్తు ఉంది. అంటే అవుట్‌సైడ్ ఎడ్జ్ మీంచి ఎగరాల్సినది ఆఖరి క్షణంలో ఇన్‌సైడ్‌కు ఒరిగిందని అర్థం. అది కంటికి కనపడదు, రీప్లేలో చూసి పట్టుకుంటారు. ఆక్సెల్‌కు మాత్రం మూల విలువ 1.10 మీద కొంచెం అదనం వచ్చింది. జాబితాలో మా అమ్మాయి పేరు కింది సగంలో ఉంది. తను కాగితం రెండుసార్లు చదివి, "ఆక్సెల్‌కు ప్లస్ ఇచ్చారమ్మా" అంది. మా వారికి ఫోనులో కూడా అదే మొదట చెప్పింది. పతకాలు తీసుకున్న అమ్మాయిలతో మాట్లాడినప్పుడు తెలిసింది, వాళ్లలో ఎక్కువమంది ఇంటి నుంచి రింక్‌కు రోజూ వెళ్లి వచ్చేవాళ్లు. మన దేశం తరఫున అంతర్జాతీయ పోటీల్లో ఆడుతున్న తారా ప్రసాద్ కూడా అమెరికాలో పుట్టి, అక్కడి రింక్‌లలో నేర్చుకున్నారు. వాళ్ల కష్టం తక్కువని కాదు. డెల్టా పిల్లకూ వాళ్లకూ ఉన్న తేడా ఎక్కడుందో అక్కడ కళ్లారా చూశాను.

ఇక లెక్క. బూట్లు, బ్లేడ్లకు చెప్పిన అరవై రెండు వేలు. రెండు శిబిరాల ఐస్ రుసుము, కోచింగ్ కలిపి లక్షా నలభై వేల దాకా. గది, తిండి యాభై అయిదు వేలు. ప్రయాణాలు నలభై ఎనిమిది వేలు. దుస్తులు, సంగీతం, డాక్టరు, పోటీ నమోదు, సానపట్టించడం అన్నీ కలిపి ఇరవై అయిదు వేలు. మొత్తం మూడు లక్షల ముప్పై వేల దాకా. నా గాజులు రెండు బ్యాంకులో ఉన్నాయి. ఇందులో తగ్గించగలిగింది ఏదైనా ఉందంటే అందరూ వచ్చే సెషన్‌లకు కట్టిన డబ్బు. ఈసారి అవి తీసుకోవడం లేదు.

డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన హిమాద్రి రింక్ ఏళ్ల తరబడి మూతపడి ఉండి మళ్లీ తెరుచుకుంది; 2025 ఆగస్టులో అక్కడ ఆసియా స్థాయి షార్ట్ ట్రాక్ స్పీడ్ స్కేటింగ్ పోటీ కూడా జరిగింది. అది పూర్తి పరిమాణంలో ఉన్న రింక్ కనుక వచ్చే శిబిరం అక్కడే చేయించాలని మేడమ్‌ను అడిగాము. సమయాలు కనుక్కుని చెబుతానన్నారు. అంతర్జాతీయంగా సీనియర్ విభాగానికి కనీస వయసును 2022లో తీసుకున్న నిర్ణయంతో దశలవారీగా 17కు పెంచారు, కాబట్టి మా అమ్మాయికి ఇంకా వ్యవధి ఉంది. పదో తరగతి ఏడాది ఐస్‌కు విరామం, చక్రాలు మాత్రం ఆపకూడదు అని ముగ్గురం కూర్చుని ఒప్పుకున్నాము. పాదం అప్పుడే అయిదు మిల్లీమీటర్లు పెరిగింది. పాత బూట్లు హైదరాబాద్‌లో ఒక పాప తీసుకుంటానంది, ఆ డబ్బు కొత్తవాటికి బయానాగా వెళుతుంది. ఏప్రిల్ చివరి వారానికి రైలు టికెట్లు తీసుకున్నాము. మొదటి మూడు వారాలు మా వారు ఉంటారు, తర్వాత నేను వెళతాను.